సబ్బునీళ్ళకూ దురద పెట్టని వీపులు

లీలావతి గారి నోటి వెంట "బాగుంది" అన్న మాట రావడం నేను అమెరికాలో ఈ కమ్మింగ్ ఊళ్ళో కాపురం పెట్టాక ఒకటి రెండుసార్లు విన్నానేమో. ఆవిడకి ఏదీ నచ్చదని కాదు. నచ్చితే మారు వడ్డించుకుంటారు, అంతే. నచ్చకపోతే మాత్రం ఎందుకు నచ్చలేదో చెప్పేదాకా ఆవిడకి కాలూ చెయ్యీ ఆడదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలకి ఆవిడ వస్తున్నారంటే మా కాలనీ ఆడవాళ్ళు ఆ రోజు కూరని రెండుసార్లు రుచి చూసుకునేవాళ్ళు. "గుత్తివంకాయలో కారం పచ్చిగా ఉంది గిరిజా, ఇంకో ఐదు నిమిషాలు మగ్గనివ్వాల్సింది" అని పదిమందిలో నా మొహం మీదే అన్నారు ఒకసారి. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి గిన్నె అడుగున మిగిలిన కూర నోట్లో వేసుకున్నాను. కారం పచ్చిగానే ఉంది. అప్పుడు ఇంకా మండింది.

ఆవిడ పుట్టిల్లు తెనాలి. భర్త సత్యం గారు కంప్యూటర్ ఉద్యోగం మీద జార్జియా వచ్చినప్పుడు ఆయన వెంట వచ్చారు. వీసా మీద ఉన్నన్నాళ్ళూ ఇల్లు చక్కబెట్టుకుంటూ కూర్చున్నారు. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన వారమే ఉద్యోగం వెతుక్కోవడానికి బయల్దేరారు. "ఇంగ్లీషులో వాళ్ళతో ఎలా మాట్లాడతావు?" అని సత్యం గారు అడిగితే, "తెలుగులో మీతో ఎలా మాట్లాడుతున్నానో అలాగే" అన్నారట. తన భయం కూడా అదేనని ఆయన తర్వాత మాతో చెప్పుకున్నారు.

మా సుమతితో ఆవిడ స్నేహం మొదలైన తీరు చెప్పకపోతే ఈ కథ సగం కూడా అర్థం కాదు. సుమతిది కరీంనగర్. 1997లో మా వీధి చివర ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకుంది. కొత్త వంటిల్లు, కొత్త డబ్బాలు, ఏ డబ్బాలో ఏముందో తనకే తెలియని హడావిడి. వచ్చిన వాళ్ళందరికీ ఫిల్టర్ కాఫీ కలిపి ఇచ్చింది. అందరూ తాగారు. అందరూ "చాలా బాగుందండీ" అన్నారు. మా బ్రహ్మయ్య బాబాయి గారైతే రెండో కప్పు కూడా పుచ్చుకున్నారు. లీలావతి గారు ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టి, "అమ్మాయ్, నువ్వు చక్కెర బదులు ఉప్పు వేశావు" అన్నారు. సుమతి మొహం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తర్వాత పెద్దగా నవ్వేసింది. "ఇంతమంది తాగిన్రు గద అక్కా, ఒక్కరన్న చెప్పలేదు చూడు" అంది. ఆ రోజు నుంచి ఆవిడ దానికి అక్క. సాయంత్రం పూట ఇద్దరూ కలిసి నడవని రోజు లేదు.

సుమతి కూతురు దేదీప్య స్కూల్ బస్ దిగి నేరుగా లీలావతి గారింటికే వెళ్ళేది. అమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా అక్కడే పప్పన్నం తినడం, హోమ్‌వర్క్ చేసుకోవడం, తిట్లు తినడం. దాని భరతనాట్యం అరంగేట్రానికి నాలుగు వందల మంది వచ్చి "సూపర్బ్" అన్నారు. ఆ పిల్ల నగలు కూడా తియ్యకుండా జనాన్ని తోసుకుంటూ లీలావతి గారి దగ్గరికి వచ్చి "ఎలా చేశాను ఆంటీ?" అని అడిగింది. "వర్ణంలో ఒకచోట తాళం తప్పావు. మళ్ళీ అందుకున్నావు" అన్నారావిడ. నేనైతే అక్కడే ఏడ్చేదాన్ని. ఆ పిల్ల మాత్రం "యెస్! నాకు కూడా తెలిసింది" అని ఎగిరి గంతేసింది.

ఇక ఆవిడ ఉద్యోగం సంగతి. మా ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఒక చిన్న ల్యాబ్ ఉంది. ఒంటికి రాసుకునే క్రీములూ సబ్బులూ దుకాణాలకి వెళ్ళేముందు చర్మానికి పడతాయో లేదో అక్కడ మనుషుల మీద పరీక్షిస్తారు. వస్తువులో కొంచెం తీసి, చిన్న గుడ్డముక్క మీద వేసి, ఆ ప్యాచ్‌ని వీపు మీద అంటిస్తారు. రెండు రోజుల తర్వాత తీసి, చర్మం కందిందా అని చూసి, దురద ఉందా, మంట ఉందా అని అడిగి రాసుకుని, అదే చోట మళ్ళీ కొత్తది అంటిస్తారు. ఇలా మూడు వారాలు. లీలావతి గారు అక్కడ గాజు సామాను కడగడానికి చేరి, ప్యాచ్‌లు అంటించే టెక్నీషియన్ అయ్యారు. "పొద్దస్తమానం జనాన్ని ఎలా ఉందని అడగడం, వాళ్ళు చెప్పింది రాసుకోవడం. నా కోసమే పెట్టినట్టుంది ఈ ఉద్యోగం" అనేవారు. నిజంగానే ఆవిడంత సంతోషంగా ఆఫీసుకి వెళ్ళే మనిషిని నేను చూడలేదు.

2012 చివర్లో దేదీప్య దేశం ఆ చివర సన్నీవేల్‌లో చేస్తున్న మంచి ఉద్యోగం వదిలేసి అమ్మా నాన్నల ఇంటికి వచ్చేసింది. కాలేజీలో కెమిస్ట్రీ చదివిన పిల్ల. తీపి టీని పులియబెట్టి, అందులోంచి సారం తీసి, మొహానికి రాసుకునే క్రీమ్ చేస్తానంది. రెండు కార్లు పట్టే గరాజ్‌ నిండా గాజు జాడీలు వెలిశాయి. ఒక్కో జాడీలో టీ మీద మందపాటి ఊతప్పం లాంటి పొర తేలుతూ ఉండేది. వాసన సంగతి అడక్కండి. దాని తండ్రి హర్షవర్ధన్ గారు ఆ చలికాలమంతా కారు బయటే పెట్టుకుని పొద్దున్నే అద్దం మీద మంచు గీక్కున్నారు.

కానీ పిల్ల గట్టిది. ఎక్కడెక్కడో తిరిగి, బెంటన్‌విల్‌లో దేశమంతా దుకాణాలున్న పెద్ద కంపెనీలో కొనుగోళ్ళు చూసే ఒకావిడ చేతికి శాంపిల్ అందించింది. ఆవిడకి నచ్చింది. ఏప్రిల్‌లో వచ్చి కలవమంది. వచ్చేటప్పుడు ఇది చర్మానికి పడుతుందని ఒక ల్యాబ్ రిపోర్ట్ తెమ్మంది, అన్ని రకాల చర్మాల మీదా పరీక్షించి ఉండాలని గట్టిగా చెప్పింది. అప్పుడు దేదీప్య లీలావతి గారు పనిచేసే ల్యాబ్‌కే వెళ్ళింది. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు ల్యాబ్ దగ్గర రెడీగా ఉన్నారు. మన రంగు వాళ్ళే తక్కువ పడ్డారు.

"మనోళ్ళు లేరా ఏంది?" అని సుమతి ఫోన్ పట్టుకుంది. "అన్నా, మా దీపు క్రీమ్ టెస్ట్ ఉంది, జర మీ వీపు కావాలె" అని పేరు పేరునా పిలిచింది. పెళ్ళి భోజనానికి పిలిచినట్టు పిలిస్తే ఎవరు కాదంటారు? ఇరవై మందికి పైగా కదిలారు. నాకు ప్లాస్టర్ జిగురే పడదు, అందుకని మొదటి రోజే వద్దన్నారు. మా ఆయన రాధాకృష్ణని మాత్రం తీసుకున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అంత గర్వంగా కూర్చోలేదు.

ఒక్కొక్కరి వీపు మీద మూడు ప్యాచ్‌లు, ఒకదాని కింద ఒకటి, మనవాళ్ళందరికీ ఒకే వరసలో. ఒకదాంట్లో దేదీప్య టీ సారం, ఒకదాంట్లో ఉత్త నీళ్ళు, ఒకదాంట్లో సబ్బునీళ్ళు. ఏది ఏదో అంటించుకున్నవాళ్ళకీ తెలియదు, మనవాళ్ళకి అంటించే లీలావతి గారికీ తెలియదు. ల్యాబ్‌ని నడిపే డాక్టర్ కెండల్‌కి ఒక్కడికే తెలుసు. సబ్బునీళ్ళు ఎందుకంటే, రోజుల తరబడి సబ్బు అంటుకుని ఉంటే దాదాపు ఎవరికైనా దురద పుట్టి తీరుతుంది. అది పుట్టిందని చెబితేనే మిగతా జవాబులు నమ్మొచ్చు. మన చామనచాయ చర్మం మీద కందడం అంత తేలిగ్గా పైకి కనిపించదు కాబట్టి, నోటితో చెప్పే మాటే ముఖ్యం.

నోటితో మనవాళ్ళు ఏం చెప్పారో మీరు ఊహించగలరు.

"దురద ఉందా?" అని లీలావతి గారు అడిగేవారు. "అబ్బే, ఏం లేదండీ" అనేవారు మా ఆయన. "మంట?" "పర్లేదండీ." బ్రహ్మయ్య బాబాయి గారైతే "చల్లగా హాయిగా ఉందమ్మా" అన్నారు. మొదటి వారం అంతే, రెండో వారం అంతే. లీలావతి గారికి అనుమానం వచ్చింది గానీ, చెప్పింది రాసుకోవడమే ఆవిడ పని. రాసుకున్నారు.

మార్చిలో, ఆఖరి ప్యాచ్‌లు తీయడానికి కొద్ది రోజుల ముందు, డాక్టర్ కెండల్ ఆవిడని తన గదిలోకి పిలిచాడు. ఆ రోజు ఆవిడ కారు షెడ్‌లో ఉంటే నేనే ఇంటికి తీసుకొచ్చాను, కాబట్టి జరిగింది జరిగినట్టు దారిలోనే విన్నాను.

"మిగతా వాళ్ళంతా ఒక్కచోటైనా గోక్కుంటున్నారు. మీవాళ్ళు ఒక్కరు కూడా గోక్కోవడం లేదు" అన్నాడట ఆయన. "మూడు ప్యాచ్‌లకీ సున్నాలే. ఆ మూడింటిలో ఒకటి సబ్బునీళ్ళు లీలా. ముప్ఫై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, సబ్బునీళ్ళకి ఒక్కడూ గోక్కోని గుంపుని చూడలేదు." కాగితాలు ఆవిడ ముందుకి తోసి, "వాళ్ళు నీకు తెలిసిన మనుషులు. వాళ్ళు చెప్పింది నిజమేనని నువ్వంటే సంతకం పెట్టి పంపిస్తాను. కాదంటే ఆపుతాను" అన్నాడట.

కారు మా వీధిలోకి తిరిగేసరికి సుమతి లీలావతి గారి గుమ్మం ముందు నిలబడి ఉంది. రిపోర్ట్ టెక్నీషియన్ మాట కోసం ఆగిందని ల్యాబ్ వాళ్ళెవరో దేదీప్యకి ఫోన్‌లో చెప్పేశారు. నేను పోదామనుకున్నాను గానీ లీలావతి గారు నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు.

"అక్కా, అందరు మంచిగనే ఉందన్నరు గద. ఇంక నీ మాట ఒక్కటే ఆగిందట. దానికి ఇంత ఆలోచన ఎందుకు?" అంది సుమతి.

"అందరూ అన్నారు కాబట్టే ఆలోచన."

"దీపు జాబ్ వదిలి వచ్చింది అక్కా. ఏప్రిల్ మీటింగ్ పోతే మళ్ళ ఎప్పుడు పిలుస్తరో ఏమో. నీ బిడ్డయితే గిట్లనే చేద్దువా?"

"నా బిడ్డ కాదని నీకెవరు చెప్పారు?" అన్నారు లీలావతి గారు.

సుమతి గిరుక్కున వెనక్కి తిరిగింది. వెళ్ళిపోయింది. లీలావతి గారు స్టవ్ మీద పాల గిన్నె పెట్టి, వెలిగించడం మర్చిపోయి నిలబడ్డారు. ఎవరేమనుకున్నా ఆవిడకి ఏమీ పట్టదని అప్పటిదాకా నేను అనుకునేదాన్ని. అది చూశాక నాకు ఆవిడ మీద ఎంత జాలి వేసిందో చెప్పలేను. "ఒక్క మాట అనెయ్యండి, పోనీ. పిల్ల బతుకు కదా" అన్నాను కూడా.

"రేపు ఆ క్రీమ్ వెయ్యి దుకాణాల్లో పెడతారు. కొనుక్కున్న వాళ్ళకి సుమతి ఎవరో తెలియదు, దీపు ఎవరో తెలియదు. వాళ్ళకి మొహమాటం ఎందుకుంటుంది? మొహం మండితే ఊరుకుంటారా?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నీ మొగుడు ఇంట్లో వీపు గోక్కుంటున్నాడా?" అని అడిగారు.

నేను చెప్పింది వినగానే ఆవిడ ఫోన్ తీశారు. ప్యాచ్‌లు పెట్టుకున్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, ఆఖరి రోజు మొగుడు పెళ్ళాలిద్దరూ రావాలని చెప్పారు. పెళ్ళికాని కుర్రాళ్ళని రూమ్మేట్‌ని వెంటబెట్టుకు రమ్మన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగడానికి కూడా మొహమాటమే.

ఆ రోజు ల్యాబ్ ముందుగది మన గుడి హాలులా ఉంది. లీలావతి గారు తెల్లకోటు వేసుకుని మధ్యలో నిలబడి ముందుగా మా ఆయన్నే పిలిచారు.

"రాధాకృష్ణ గారూ, దురద ఉందా?"

"అబ్బే, పర్లేదండీ."

ఆవిడ నా వైపు తిరిగారు. "గిరిజా, ఏమంటావు?"

నేనా ఊరుకునేది! "ఎక్కడండీ పర్లేదు! మొన్న ఆదివారం గరాజ్ తలుపు అంచుకి వీపు ఆనించి గేదెలా రుద్దుకున్నారు. పక్కింటి అమెరికన్ ఆయన ఆర్ యూ ఓకే అని కూడా అడిగాడు" అన్నాను. మా ఆయన నన్ను చూసిన చూపు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

హాల్లో ఒక నవ్వు లేచింది. ఆ నవ్వుతో గేట్లు తెరుచుకున్నాయి. బ్రహ్మయ్య బాబాయి గారి భార్య లేచి, "వారం రోజులుగా అట్లకాడ కనపడక చెంచాతో దోసెలు తిప్పుతున్నానమ్మా. నిన్న కార్లో డ్రైవర్ సీటు కింద దొరికింది. ఈయనగారు సిగ్నల్ పడ్డప్పుడల్లా దాంతోనే గోక్కుంటున్నారట" అంది. బాబాయి గారు పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నారు. అనుష్క అనే అమ్మాయి వీపు సంగతి ఆమె భర్త చెప్పాడు. శ్రీహర్ష అనే స్టూడెంట్ సంగతి అతని రూమ్మేట్ చెప్పాడు, "అన్నా వీడు నైట్ అంతా మంచం కోడుకి రుద్దుతుండు, మాకు నిద్ర లేదు" అని. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకోలేదు గానీ పక్కవాళ్ళ బాధ చెప్పడానికి ఎవరికీ అడ్డు లేకపోయింది.

"సరే, గుట్టు బయటపడింది కదా. ఇప్పుడు మీ నోటితో మీరు చెప్పండి. ఎక్కడ?" అన్నారు లీలావతి గారు.

"కిందది అండీ" అన్నారు మా ఆయన తలొంచుకుని. "కిందది" అన్నారు బాబాయి గారు. "కిందదే" అంది అనుష్క. అందరికీ కిందది. లీలావతి గారి మొహంలో చిన్న వెలుగు కనిపించింది. సబ్బునీళ్ళు ఎక్కడున్నాయో దొరికాయి. ఆ ఒక్కటే అయితే పిల్ల గట్టెక్కినట్టే.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకుని, "పైది కూడా కొంచెం అండీ" అన్నారు. "ఆ, పైది కూడా, మంటగా" అన్నాడు శ్రీహర్ష. వెనక నుంచి ఇంకెవరో అందుకున్నారు. దాదాపు సగంమంది పైది అన్నారు. మధ్యది అని ఒక్కరూ అనలేదు. ఉత్త నీళ్ళకి ఎవరికీ దురద పుట్టదు కదా. లీలావతి గారికి అర్థమైంది. పైది ఏమిటో డాక్టర్ చెప్పక్కర్లేదు. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. తర్వాత, "డాక్టర్ గారు ఒక్కొక్కర్నీ లోపల విడిగా అడుగుతారు. ఇలాగే చెప్పండి" అని తలుపు తెరిచారు.

డాక్టర్ ఒక్కొక్కర్నీ ఒంటరిగా అడిగాడు. అందరూ అదే చెప్పారు. ఆఖరున ఆయన లీలావతి గారిని, "వీళ్ళు ఇన్నాళ్ళూ ఎందుకు అబద్ధం చెప్పారు?" అని అడిగాడట. "అబద్ధం కాదు డాక్టర్, మొహమాటం" అన్నారావిడ. ఆ మాటకి ఇంగ్లీషు ఏమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు. అందుకని ఉప్పు కాఫీ సంగతి చెప్పారు. "అంతా తాగారా?" అన్నాడాయన. "ఒకాయన రెండు కప్పులు తాగారు. అట్లకాడ ఆయనే" అన్నారు. ఆయన నవ్వి నవ్వి కళ్ళజోడు తుడుచుకున్నాడు. కానీ ఆ మర్నాడే, వస్తువు తయారుచేసే వాళ్ళకి తెలిసిన మనుషుల్ని ఇక మీద పరీక్షకి తీసుకోకూడదని ల్యాబ్‌లో కొత్త రూలు పెట్టాడు.

టీ సారం చర్మాన్ని రేపుతోందని రిపోర్ట్ వెళ్ళింది. ఏప్రిల్ మీటింగ్ పోయింది. రిపోర్ట్ వెళ్ళిన సాయంత్రమే దేదీప్య లీలావతి గారి గుమ్మంలో నిలబడింది.

"నా రిజల్ట్ నువ్వు ఆపావా ఆంటీ?" చిన్నప్పటి నుంచి ఆవిడని నువ్వు అనే అంటుంది. అమెరికాలో పుట్టిన నాలుక, మీరు అనడం దానికి అలవాటు కాలేదు.

"ఆపాను."

"వై?"

"రాధాకృష్ణ అంకుల్ గరాజ్ తలుపుకి వీపు రుద్దుకున్నాడు. అందుకు."

పిల్ల మొహం తిప్పుకుని విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఉగాదికి సుమతి ఇంట్లో పచ్చడికి మా వీధి వాళ్ళందరికీ పిలుపు వచ్చింది, లీలావతి గారికి తప్ప. సాయంత్రం నడకకి ఆవిడ ఒక్కరే వెళ్ళేవారు. సుమతి ఇల్లు రాగానే చూపు తిప్పుకోకుండా, అడుగు వేగం పెంచకుండా, మామూలుగానే దాటి వెళ్ళేవారు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది. సుమతికి బుద్ధి లేదని ఈవిడ దగ్గర, ఈవిడకి మనసు లేదని సుమతి దగ్గర అనేదాన్ని. ఇద్దరూ ఒకటే జవాబు చెప్పారు: "దాన్నేమీ అనకు" అని ఒకరు, "అక్కనేమన్నా అంటే మంచిగుండదు" అని ఒకరు.

దేదీప్య మాత్రం ఎక్కువ రోజులు మూలన కూర్చోలేదు. రిపోర్ట్ ముందు పెట్టుకుని ఆలోచించింది. టీ మరీ ఎక్కువ రోజులు పులియడం వల్ల పులుపు పెరిగిపోయి ఆ పులుపే చర్మాన్ని మండిస్తోందని తనే పట్టుకుంది. జాడీలన్నీ పారబోసింది. తక్కువ రోజులు పులియబెట్టి, పులుపు విరిచి, మళ్ళీ చేసింది. మళ్ళీ పారబోసింది. వేసవి అంతా వాళ్ళ గరాజ్ ముందు టీ రంగు నీళ్ళు పారుతూనే ఉన్నాయి. సెప్టెంబర్‌లో మళ్ళీ అదే ల్యాబ్‌కి వెళ్ళింది. ఈసారి అందరూ ముక్కూ మొహం తెలియని వాళ్ళు. లీలావతి గారు డాక్టర్‌కి చెప్పి ఆ పరీక్షకి దూరంగా ఉండిపోయారు. రిపోర్ట్ వచ్చింది. సబ్బునీళ్ళకి అందరూ గోక్కున్నారు. టీ సారానికీ ఉత్త నీళ్ళకీ తేడా లేదు.

బెంటన్‌విల్ ఆవిడ అక్టోబర్‌లో రమ్మంది. తర్వాత వాళ్ళు ముందుగా కొన్ని దుకాణాల్లో పెట్టి చూస్తామన్నారు, అవి బాగానే అమ్ముడయ్యాయి, ఆ సంగతి వేరు. నేను చెప్పదలచుకున్నది తల్లీకూతుళ్ళు బయల్దేరిన రోజు ఉదయం గురించి.

శనివారం. నేను లీలావతి గారి డబ్బా ఒకటి తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. ఆవిడ ఉప్మాకి రవ్వ వేయిస్తున్నారు. బయట కారు ఆగిన చప్పుడైంది. దేదీప్య చేతిలో చిన్న సీసాతో లోపలికి వచ్చింది. కిటికీలోంచి చూస్తే కార్లో ముందు సీట్లో సుమతి. కూతురికి తోడుగా పన్నెండు గంటల డ్రైవ్‌కి బయల్దేరింది. దిగలేదు.

"ఆంటీ, రిపోర్ట్ ఓకే. అందరూ గుడ్ అన్నారు. నువ్వు చెప్పు" అంది పిల్ల.

లీలావతి గారు స్టవ్ తగ్గించారు. మూత తీసి ముందు వాసన చూశారు. "పులిసిన వాసన ఇంకా ఉంది. దాన్ని గులాబీతో దాచావు" అన్నారు. "యా, తెలుసు" అంది పిల్ల. ఆవిడ మోచేతి మడతలో, చర్మం పల్చగా ఉండే చోట కొంచెం రాసుకుని, "కూర్చో" అన్నారు. ఉల్లిపాయలు తరిగారు. తాలింపు వేశారు. నీళ్ళు పోసి మరిగించారు. రవ్వ పోసి కలిపారు. మధ్యమధ్యలో చెయ్యి తిప్పి వెలుతురులో చూసుకుంటున్నారు. దేదీప్య కుర్చీ అంచున కూర్చుని, చిన్నప్పుడు హోమ్‌వర్క్ దిద్దించుకునేటప్పుడు చూసినట్టే ఆవిడ మొహం కేసి చూస్తోంది. నేను డబ్బా చేతిలో పట్టుకునే నిలబడ్డాను. బయట కారు ఇంజన్ నడుస్తూనే ఉంది.

ఉప్మా దించాక ఆవిడ చెయ్యి కడుక్కున్నారు. మడత మీద వేలితో తడిమి చూసుకున్నారు.

"బాగుంది" అన్నారు.

ఆ పిల్ల ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఉద్యోగం వదిలినా, మీటింగ్ పోయినా ఎవరి ముందూ ఏడవని పిల్ల, ఆవిడ చీర కొంగులో మొహం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. లీలావతి గారు దాని తల నిమిరి, "పద, మీ అమ్మ పెట్రోల్ అంతా ఇక్కడే కాల్చేస్తోంది" అన్నారు.

ముగ్గురం బయటికి వచ్చాం. సుమతి కిటికీ అద్దం దించింది. కూతురి మొహం చూసింది, తర్వాత ఆరేడు నెలలుగా చూడని మొహం చూసింది.

"బాగుందన్నవా అక్కా?"

"అన్నాను."

"పిల్ల కోసం అన్నవా, నిజంగ అన్నవా?"

"పిల్ల కోసం అనేదాన్నైతే మార్చిలోనే అనేదాన్ని సుమతీ."

సుమతి స్టీరింగ్ వైపు చెయ్యి చాపి ఇంజన్ ఆపింది. తలుపు తీసుకుని దిగింది. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, తన ఇంట్లోకి వెళ్ళినట్టు నేరుగా వంటింట్లోకి నడిచింది. నలుగురం ప్లేట్లు పట్టుకుని నిలబడే తిన్నాం. ఉప్మాలో ఉప్పు తక్కువైంది. నేను మాట్లాడకుండా తింటున్నాను. ఆ మాట సుమతే అంది.